సముద్రం పాలైన నీళ్లు

శ్రావణ భాద్రపదాల్లో ఎగువన వానలు ముమ్మరమై జలాశయాలు నిండాయంటే చాలు, తెలుగు పత్రికల్లో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు, ఇన్ని లక్షల క్యూసెక్కులు దిగువకు పోతున్నాయి, ఈ సీజన్‌లో ఇప్పటికి ఇన్ని టీఎంసీలు సముద్రం పాలయ్యాయి అని. ధవళేశ్వరం దగ్గర గోదావరికీ ఇదే లెక్క. ఆ వార్త వెనక ఉన్న బాధ నిజమైనది. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగుల నీరు. అంత నీరుంటే పదివేల ఎకరాల ఆరుతడి పంట గట్టెక్కుతుందని సాగునీటి ఇంజినీర్లు చెబుతారు. అప్పు చేసి వేసిన బోర్లన్నీ ఎండిపోయిన అనంతపురం రైతుకూ, తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన నల్లగొండ పల్లెలకూ ‘ఇంత నీరు ఊరికే పోయిందే’ అనిపించడంలో తప్పు లేదు. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రైబ్యునల్ తుది నిర్ణయం 1976లో అమల్లోకి వచ్చింది. 2,060 టీఎంసీల్లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఆంధ్రప్రదేశ్‌కు 800 రాసింది. సముద్రానికంటూ వాటా ఏదీ రాయలేదు. తిండిగింజల కోసం విదేశీ ఓడల వైపు ఎదురుచూసిన రోజులు ఇంకా కళ్లముందు మెదులుతున్న కాలమది. సముద్రానికీ నీళ్లివ్వాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ తట్టకపోవడం సహజమే.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. సముద్రం పాలైన నీరు ఆ తర్వాత ఏమవుతుంది? హంసలదీవి దగ్గరో, అంతర్వేది దగ్గరో ఉప్పునీటిలో కలిసిపోవడంతో దాని కథ ముగిసినట్టేనా?

ఈ ప్రశ్నకు ఒక అపురూపమైన జవాబు మోకాలి లోతు నీళ్లలో దొరికింది. గోవా కేంద్రంగా పనిచేసే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 2005లో ఒక పని మొదలుపెట్టింది. దేశ తీరం వెంబడి ఎనిమిది చోట్ల మత్స్యకారుల సాయం అడిగింది. ఐదు రోజులకొకసారి వాళ్లు మోకాలి లోతు దాకా సముద్రంలోకి దిగి, సీసా ముంచి నీళ్లు పట్టి ఇవ్వాలి. అంతే. ఓడ అక్కర్లేదు, కోట్ల రూపాయల యంత్రాలు అక్కర్లేదు. ఆ సీసాల్లోని నీటిలో ఉప్పెంత ఉందో ప్రయోగశాలలో కొలుస్తారు. ఒడ్డున పట్టిన నీళ్లు నడిసముద్రం సంగతి ఏం చెబుతాయన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. శాస్త్రవేత్తలకూ వచ్చింది. లోపలి సముద్రం నుంచి తెచ్చిన నమూనాలతో సరిపోల్చి చూశారు. రెండు చోట్లా ఉప్పు ఒకే తీరుగా పెరుగుతోంది, ఒకే తీరుగా తగ్గుతోంది. ఏళ్ల తరబడి అలా పోగైన సీసాల లెక్కలన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒక నది బయటపడింది.

ఆ నది భూమి మీద లేదు, సముద్రంలో ఉంది. నైరుతి రుతుపవనాలు ముగిసే వేళకు గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిపోసే వరద వల్ల బంగాళాఖాతం ఉత్తర కొసన ఉప్పు ఒక్కసారిగా పలచబడుతుంది. మామూలు సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అక్కడ ఆ కాలంలో పది గ్రాములకు పైగా తగ్గిపోతుంది. ఆ పలచని నీరు సముద్రమంతా చెదిరిపోదు. తీరాన్ని అంటిపెట్టుకుని, సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున ఒక పాయగా దక్షిణానికి సాగుతుంది. ఒడిశాను దాటి, శ్రీకాకుళం మీదుగా విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు తీరాలను ఒరుసుకుంటూ, రెండున్నర నెలలకు దేశం దక్షిణపు కొసకు చేరుతుంది. దారిలో మహానది నీళ్లూ, మన గోదావరి కృష్ణల నీళ్లూ అందులో కలుస్తాయి. దీన్ని నడిపించేది తూర్పుతీర ప్రవాహం. 2014లో అమెరికా వాతావరణ శాస్త్ర సంఘం పత్రికలో ఈ పరిశోధన అచ్చయింది. ‘సముద్రంలో నది’ అన్న మాట ఆ వ్యాసం పేరులోనే ఉంది. ఆ నదిని మత్స్యకారుల నమూనాలు వెలికితీశాయన్న సంగతీ ఆ పేరులోనే ఉంది. అది ఎంతో సంతోషం కలిగించే విషయం.

ఈ పాయ సాగే ఒడ్డు వెంబడి మన వాళ్లున్నారు. పూరీలోని పెంటకటలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. గోపాలపూర్‌లోనూ ఉన్నారు. అక్కణ్నుంచి ఇచ్ఛాపురం, భావనపాడు, భీమిలి, ఉప్పాడ, నిజాంపట్నం మీదుగా పులికాట్ దాకా ఈ తీరపు సముద్రాన్ని తెలుగులో పలకరించే వాళ్లే ఎక్కువ. నీరు ఏ రుతువులో ఏ దిక్కుకు లాగుతుందో వాళ్లకు తరాలుగా తెలుసు. వల ఎటు కొట్టుకుపోతే నీరు అటు పోతున్నట్టు. మాఘం నుంచి వైశాఖం దాకా ఇదే ప్రవాహం దిక్కు మార్చుకుని ఉత్తరానికి నడుస్తుంది. గాలులు తీరం వెంట వీచి పైనీటిని లోపలికి నెడతాయి. అడుగు నుంచి చల్లని, సారవంతమైన నీరు పైకి వస్తుంది. దాంతో చేపకు మేత పుడుతుంది. 1950ల తొలినాళ్లలో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్ వాల్తేరు తీరంలో ఈ పైకి ఉబికే నీటిని కొలిచి చూపించారు. మన దేశంలో సముద్ర శాస్త్రానికి పునాదులు పడిన చోట్లలో ఆ ఒడ్డు ఒకటి. మన విశాఖకు ఈ ఘనత ఉందని బడి పిల్లలకు చెప్పే పాఠం ఒకటి ఉంటే బాగుండేది.

నదులు తెచ్చిన మంచినీరు బంగాళాఖాతంలో చేసే పని ఇంకా ఉంది. ఉప్పు తక్కువ కాబట్టి ఆ నీరు తేలిక. పైన పలచని పొరగా పరుచుకుని, కింది చిక్కటి చల్లని నీటితో కలవకుండా గిన్నె మీద మూతలా ఉంటుంది. ఎండ వేడి ఆ పైపొరలోనే నిలుస్తుంది. అరేబియా సముద్రాన్ని వానాకాలపు గాలులు చిలికి చల్లబరుస్తాయి. బంగాళాఖాతం మాత్రం రుతుపవనాల కాలమంతా 28 డిగ్రీల సెల్సియస్‌కు పైన వెచ్చగా ఉంటుంది. మేఘం పుట్టడానికి ఆ వెచ్చదనం కావాలి. వాయవ్య బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వాతావరణ కేంద్రం చెప్పగానే ఆదిలాబాద్ పత్తి రైతు ఆకాశం వంక చూస్తాడు. ఆ అల్పపీడనానికి కావలసిన వేడిని నిలబెట్టడంలో నదీజలాలకు భాగముందని 2002లో గోవా శాస్త్రవేత్తలు రెండు సముద్రాల వేడి లెక్కలు పోల్చి వివరించారు. నిరుడు సముద్రంలో కలిసిన నీరే ఈ ఏడు వానగా తిరిగి వస్తుందని లెక్క కట్టలేం గానీ, వాన పుట్టే చోటును సిద్ధం చేసే వాటిలో అది ఒకటని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. ఇందులో కష్టమూ ఉంది. ఆ వెచ్చని పొర మీదుగా తుపాను వచ్చినప్పుడు, అడుగు చల్లని నీరు పైకి వచ్చి దాని బలం తగ్గించాలి. మూత మందంగా ఉన్న చోట ఆ చల్లదనం పైకి రాదు. దివిసీమ ఉప్పెన చూసిన వాళ్లకు, హుద్‌హుద్‌లో విశాఖ చెట్లన్నీ నేలకూలడం చూసిన వాళ్లకు బంగాళాఖాతం వేడి అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

నది తెచ్చేది నీరొక్కటే కాదు. ఒండ్రు తెస్తుంది, రాళ్లు అరిగిన సిలికా తెస్తుంది. సిలికాతో కవచం కట్టుకునే కంటికి కనిపించని నాచు సముద్రంలో ఉంటుంది. చిన్న చేపల మేతకు అది మొదలు. ఆనకట్టల వెనక నీరు నిలిచిన కొద్దీ ఆ సిలికా, ఒండ్రు అక్కడే దిగిపోతాయి. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే 1990ల నాటికి సగానికి పైగా తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2004లో రాశారు. డెల్టా అంచు అప్పటి నుంచీ కోతకు గురవుతూనే ఉంది. ఉప్పాడలో ఇళ్లూ గుళ్లూ రోడ్డూ సముద్రంలోకి పోవడానికి రేవు కట్టడాల వంటి కారణాలు వేరే ఉన్నా, నిండా ఒండ్రు తెచ్చే నది ఉన్న తీరానికి, లేని తీరానికి తేడా ఉంటుంది. ఇక పులస సంగతి. సముద్రంలో ఇలసగా తిరిగే చేప వరద ఎర్రనీళ్ల వాసన పట్టుకుని గోదావరి ఎక్కుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట గోదావరి జిల్లాల్లో ఊరికే పుట్టలేదు. ఆషాఢ శ్రావణాల్లో నదిలోంచి ఎర్రనీరు సముద్రంలోకి తోసుకుపోకపోతే ఆ చేపకు దారి ఎవరు చూపిస్తారు? వేలంలో ఒక్క పులస వేల రూపాయలు పలికిందన్న వార్తను వింతగా చదువుతాం. అంత ధర పలకడానికి మొదటి కారణం చేప దొరక్కపోవడం.

కృష్ణ పరిస్థితి మరీ దయనీయం. 2000 తర్వాత వచ్చిన వరస కరువు సంవత్సరాల్లో ఆ నది నుంచి సముద్రానికి చేరిన నీరు దాదాపు లేనట్టే. మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచిన నది చివరి మెట్టు దిగకుండానే ఆగిపోయింది. నది వెనక్కి తగ్గిన చోటుకు ఉప్పునీరు ముందుకు వస్తుంది. డెల్టా చివరి ఊళ్లలో మంచినీటి బావులు ఉప్పగా మారడం అక్కడి ఆడవాళ్లకు రోజూ బిందెలతో తెలిసే విషయం. ఈ మాటలు రాస్తున్నది సాగునీటి ప్రాజెక్టులు వద్దనడానికి కాదు. శ్రీశైలం, సాగర్ లేకపోతే మన అన్నం కంచం ఎలా ఉండేదో మరిచిపోలేం. సముద్రానికి పోయిన ప్రతి చుక్కనూ నష్టం పద్దులో రాసే అలవాటు మాత్రం మార్చుకోవలసిందే.

ఇక్కడ కాస్త తల ఎత్తి మొత్తం భూమిని చూడాలి. భూమ్మీది నీటిలో 97 శాతం ఉప్పుసముద్రమే. మిగిలిన కొద్ది మంచినీటిలో ఎక్కువ భాగం మంచుగా గడ్డకట్టి ఉంది, తర్వాతి భాగం భూగర్భంలో ఉంది. నదులూ చెరువులూ అన్నీ కలిపినా లెక్కకు ఆనవు. ఆవిరై గాలిలోకి లేచిన నీటి చుక్క సగటున తొమ్మిది, పది రోజుల్లో వానగా దిగుతుంది. సముద్రంలోకి చేరినది మళ్లీ ఆవిరయ్యే వంతు రావడానికి సగటున మూడు వేల ఏళ్లు. ఈలోగా అది ఊరికే ఉండదు. గ్రీన్‌లాండ్ చుట్టూ, అంటార్కిటికా చుట్టూ నీరు చల్లబడి, ఉప్పు చిక్కబడి, బరువెక్కి అడుగుకు దిగుతుంది. అడుగున సముద్రం నుంచి సముద్రానికి పాకుతూ, ఎక్కడో పైకి తేలి, మళ్లీ బయలుదేరిన చోటుకు రావడానికి సుమారు వెయ్యేళ్లు పడుతుంది. పైన ఉన్న గాలిలోని ప్రాణవాయువును లోతులకు మోసుకెళ్లేది ఈ తిరుగుడే. విశాఖ ఎదుట మూడు కిలోమీటర్ల లోతున ఉన్న నీరు అంటార్కిటికా నుంచి వచ్చింది. బంగాళాఖాతానికి ఉత్తరాన భూమి అడ్డం. నీరు గడ్డకట్టేంత చలి లేదు. కాబట్టి మన దగ్గర ఏ నీరూ అంత బరువెక్కి అడుగుకు దిగదు. ప్రాణవాయువు ఎంతో దూరం నుంచి, ఎంతో ఆలస్యంగా, దారి పొడవునా ఖర్చైపోతూ మనకు అందుతుంది.

దాని ఫలితం 100 నుంచి 400 మీటర్ల లోతు మధ్య కనిపిస్తుంది. అక్కడ ప్రాణవాయువు దాదాపు సున్నా. పైన చచ్చిన నాచు, చేపలు, వాటి మలినాలు కిందికి రాలుతుంటాయి. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తాయి. మంచినీటి మూత వల్ల పైనుంచి కొత్తది దిగదు. అరేబియా సముద్రంలో ఇదే లోతున ప్రాణవాయువు పూర్తిగా నిండుకుంది. అక్కడి సూక్ష్మజీవులు నైట్రేట్‌ను వాడుకుని, సముద్రానికి ఎరువైన నైట్రోజన్‌ను వాయువుగా గాలిలోకి వదిలేస్తున్నాయి. బంగాళాఖాతంలోనూ అలాగే జరుగుతుందనుకుని కొలిచిన శాస్త్రవేత్తలకు ఆశ్చర్యం ఎదురైంది. మామూలు పరికరాలకు అందనంత సూక్ష్మమైన ప్రాణవాయువు ఇంకా అక్కడ మిగిలి ఉంది, ఆ కాస్తే నైట్రోజన్ నష్టాన్ని ఆపుతోంది అని 2017లో తేల్చారు. అంటే మన సముద్రం ఇంకా హద్దు దాటలేదు, హద్దు మీద ఉంది. పైనుంచి రాలే చెత్త ఇంకొంచెం పెరిగినా, నీరు ఇంకొంచెం వేడెక్కి మూత బిగుసుకున్నా ఆ కాస్త ప్రాణవాయువూ నిలుస్తుందన్న నమ్మకం లేదు.

చెత్త పెరగడానికి దారి మన నదులే. పొలాల్లో మోతాదుకు మించి చల్లిన యూరియా, చేపల చెరువుల మురుగు, పట్నాల మరుగుదొడ్ల నీరు నైట్రోజన్‌ను మోసుకుని కాల్వల్లోకి, కాల్వల్లోంచి సముద్రంలోకి చేరుతాయి. కొల్లేరు చుట్టుపక్కల కలిసిందంతా ఉప్పుటేరు గుండా వెళ్లేది అక్కడికే. దాంతో పైన నాచు విపరీతంగా పెరిగి చచ్చి కిందికి రాలుతుంది. సముద్రం పాలైన నీటికి టీఎంసీల్లో లెక్క ఉంది. ఆ నీటితో కలిసి వెళ్లినదానికి మన దగ్గర అలాంటి రోజువారీ లెక్క లేదు.

హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు కథను ఒక్కసారి దగ్గరగా చూడండి. స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం 2007లో అక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రకటించింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల నీరు ఆ కేంద్రానికి చేరేది. శుద్ధి అయి వదిలిన లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. రోజుకు 45 కిలోల మందు అలా నీటిలో పోతోందని, అప్పటికి తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశం ఐదు రోజుల్లో వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అంత ఉంటుందని లెక్క కట్టారు. ఆ నీరు ఇసకవాగులోకి, అక్కణ్నుంచి నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి, మంజీర గోదావరిలోకి. తర్వాత వాగు అడుగు బురద తీసి చూస్తే మందులకు లొంగని జన్యువులు గుట్టగా దొరికాయి. మందుకు అలవాటు పడిన సూక్ష్మజీవికి ఊరి పొలిమేర తెలియదు. జ్వరం వచ్చిన పసిపిల్లకు డాక్టరు రాసిన మందు పనిచేయకపోతే ఆ తల్లికి ఇసకవాగు పేరు తెలిసే అవకాశం కూడా లేదు.

ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక, ఆ వ్యర్థజలాన్ని 18 కిలోమీటర్ల పైపులైను వేసి హైదరాబాద్ మురుగుతో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. ఇసకవాగుకు కాస్త ఊరట. అంబర్‌పేట నుంచి నీరు వెళ్లేది మూసీలోకి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. గోదావరికి పోయేది కృష్ణకు పోసాగింది. రెండు నదులూ చేరేది ఒకే సముద్రం. అప్పటి పరిస్థితి ఇప్పటికీ అలాగే ఉందని అనడం లేదు. చాలా పరిశ్రమలు వ్యర్థజలాన్ని బయటికి వదలకుండా లోపలే ఆవిరి చేసి తిరిగి వాడుకునే పద్ధతికి మారాయి. హైదరాబాద్‌లో 31 కొత్త మురుగుశుద్ధి కేంద్రాల పని చేపట్టారు. ఇవి మంచి మార్పులు, మనసారా మెచ్చుకోవాలి. నగరం దాటాక మూసీ మీద వరసగా ఉన్న కత్వల (చిన్న ఆనకట్టల) దగ్గర నీరు పైనుంచి దూకిన చోట తెల్లని నురుగు గుట్టలుగా లేచి గాలికి పొలాల మీదికి ఎగిరిపోయే దృశ్యం ఇక ఉండకూడదు. ఆ నీటితో పశుగ్రాసం, వరి పండించుకునే రైతులకు ఒళ్లు దురదలు కొత్త కావు. వాడపల్లి దిగువన పులిచింతల, దాని దిగువన ప్రకాశం బ్యారేజీ. విజయవాడ తాగే నీరు అక్కడిదే.

నదికి తనను తాను శుభ్రం చేసుకునే శక్తి ఉంది. ఎండ, గాలి, రాళ్ల మీది ప్రవాహం, నీటిలోని మంచి సూక్ష్మజీవులు కలిసి మురుగును చాలామటుకు విరగ్గొడతాయి. ఆ శక్తికి నీరు కావాలి, పారాలి. పారే నీటిని అడ్డంగా పట్టేసి, మురుగును మాత్రం నిరాటంకంగా వదిలితే నది ఓడిపోతుంది. నీటి పరిమాణం, నీటి శుభ్రత రెండు వేర్వేరు శాఖల విషయాలుగా చూసే పద్ధతి మన ప్రభుత్వాల్లో పాతుకుపోయింది. ఒకరు క్యూసెక్కులు కొలుస్తారు, ఇంకొకరు కాలుష్యం కొలుస్తారు. ఇద్దరి కాగితాలూ ఒక బల్ల మీదికి రావడం అరుదు.

ప్లాస్టిక్ గురించి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రపంచంలో వెయ్యికి పైగా నదులు కలిసి నదుల ద్వారా సముద్రం చేరే ప్లాస్టిక్‌లో 80 శాతం మోస్తున్నాయని 2021 నాటి అధ్యయనం చెప్పింది. అందులో గుర్తుంచుకోవలసిన మాట ఏమిటంటే, పేరుమోసిన పెద్ద నదుల కన్నా పట్నాల మధ్య నుంచి పారే చిన్న వాగులూ కాల్వలే ఎక్కువ మోస్తున్నాయి. వాగును శుభ్రం చేయడం ఒక మునిసిపాలిటీకి చేతనైన పనే. తీరం మీద అలివి వల లాగే చోట నిలబడి చూస్తే దీని రుచి తెలుస్తుంది. రెండు బారుల మనుషులు గంటల తరబడి తాడు లాగి, వల సంచిని ఇసుక మీదికి తెచ్చి విప్పుతారు. కవళ్లు, చిన్న రొయ్యలు, వాటి మధ్య పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, తెగిన నైలాన్ వల ముక్కలు. ఆడవాళ్లు కూర్చుని చేపను ఒక గంపలోకి, కవరును పక్కకి ఏరుతారు. ఏరిన కవరును వేయడానికి ఆ ఒడ్డున చెత్తబుట్ట ఉండదు. తీసుకెళ్లే బండి రాదు. సాయంత్రం పోటుకు ఆ కుప్ప మళ్లీ నీళ్లలోకి పోతుంది. తీరప్రాంత పంచాయతీల్లో వలలో పడిన చెత్తను దించుకోవడానికి ఒక చోటు, దాన్ని ఎత్తుకెళ్లే ఏర్పాటు పెద్ద ఖర్చు కాదు. పడిన చెత్తను ఒడ్డుకు తెచ్చినందుకు మత్స్యకారుడికి కిలోకు ఇంత అని ఇస్తే ఇంకా న్యాయం.

తీరం పొడవునా సీసాలు ముంచి నీళ్లు పట్టిన మత్స్యకారుల పద్ధతినే నదులకూ తెచ్చుకోవచ్చు. వాడపల్లి దగ్గర, పులిచింతల దగ్గర, ధవళేశ్వరం దగ్గర, ఉప్పుటేరు మొగ దగ్గర స్థానికులే ఐదు రోజులకొకసారి నీళ్లు పట్టి ఇస్తే, అందులోని ప్రాణవాయువు, నైట్రేట్, మందుల అవశేషాలు దగ్గర్లోని విశ్వవిద్యాలయాల్లో కొలిచి అందరికీ తెలిసేలా పెట్టవచ్చు. డెల్టాలో, తెలంగాణలో డిగ్రీ కాలేజీల రసాయన శాస్త్ర విభాగాలకు కొదవ లేదు. పిల్లలకు అంతకన్నా మంచి ప్రయోగం ఏముంటుంది?

మందుల అవశేషాల విషయంలో ప్రభుత్వం చేయవలసింది ఇంకా స్పష్టంగా ఉంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా విడుదల చేసింది. మందుల ఫ్యాక్టరీలు వదిలే నీటిలో వందకు పైగా యాంటీబయాటిక్స్ ఒక్కొక్కటి ఎంత దాకా ఉండవచ్చో అందులో పట్టిక వేసింది. అలాంటి పరిమితులు పెట్టే తొలి దేశాల్లో ఒకటిగా మనకు పేరు వచ్చేది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పట్టిక లేదు. దేశంలో తయారయ్యే మందుల ముడిసరుకులో పెద్ద వాటా తెలుగు రాష్ట్రాలది. అందుకే ఆ పట్టికను తిరిగి తెమ్మని అడగవలసిన మొదటి గొంతు ఇక్కడి శాసనసభలది, పార్లమెంటులో ఇక్కడి సభ్యులది. చెన్నై ఒడ్డును తాకుతూ దక్షిణానికి వెళ్లే నీటిలోకి మన వాగుల నుంచి ఏం చేరాలో ఒక చట్టంతో నిర్ణయించే పని అది. ముసాయిదా సిద్ధంగానే ఉంది.